సంతకం పెట్టే ముందు ఒక మాట

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగం)

 

ప్రతి ఏడూ ఈ సమయంలో మేము లెక్కలు చదువుతాం. పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, వసూలు ఎంత, కొత్త సంఘాలు ఎన్ని. మీరు చప్పట్లు కొడతారు. తర్వాత భోజనాలు. ఈ ఏడు లెక్కలు కూడా ఈ పుస్తకంలో ఉన్నాయి. ఇంటికెళ్లాక చదువుకోండి, చదవడం రానివాళ్లు పిల్లల చేత చదివించుకోండి. ఇప్పుడు మాత్రం లెక్కల్లోకి రాని ఒక సంగతి చెప్పాలనుకుంటున్నాం. చెప్పాలా వద్దా అని మాలో మేమే నెల రోజులు తర్జనభర్జన పడ్డాం. చివరికి చెప్పకపోవడమే అసలు జబ్బు అని తేలింది కాబట్టి చెబుతున్నాం.

పోయినేటి నివేదికలో మేము ఒక వాక్యం రాశాం. "మన మండలంలోని సంఘాలన్నీ పంచసూత్రాలు పాటిస్తూ సక్రమంగా నడుస్తున్నాయి" అని. అది రాసేటప్పటికే నిజం కాదని మాకు తెలుసు.

ఒక సంఘంలో జరిగింది

మన మండలంలోనే ఒక ఊరు. ఊరి పేరు, సంఘం పేరు, మనుషుల పేర్లు చెప్పం. సంఘంలో 11 మంది. పన్నెండేళ్ల సంఘం. ఒక్కొక్కరికి 50,000 చొప్పున 5,50,000 బ్యాంకు అప్పు తీసుకున్నారు. నెలకు ఒక్కొక్కరు 1,700 కట్టాలి. 11 మందీ కలిపి 18,700. ప్రతి నెలా సమావేశంలో డబ్బు లీడరు చేతికి ఇచ్చేవాళ్లు. ఆమె మర్నాడు బస్సెక్కి బ్యాంకుకి వెళ్లి కట్టి వచ్చేది. సంఘం పుస్తకంలో అందరూ కట్టినట్టే రాసి ఉంది. అందరూ కట్టారు కూడా. కానీ బ్యాంకులో పడింది నెలకు 13,600. అంటే ఎనిమిది మంది వాయిదా. మిగతా 5,100 పడలేదు. ఇలా 14 నెలలు జరిగింది. మొత్తం 71,400 రూపాయలు.

14వ నెలలో బ్యాంకు నుంచి నోటీసు వచ్చాక గొడవ బయటపడింది. ఆ పాటికి వాయిదాలు గడువులోగా కట్టని సంఘంగా పేరుపడింది. గడువు తప్పితే వడ్డీ రాయితీ రాదు కదా, ఆ ఏడు రాయితీ కూడా పోయింది. లీడరు తప్పుకి, నెలనెలా ఒక్క రూపాయి తగ్గకుండా కట్టిన పది మందీ నష్టపోయారు. మన అప్పంతా ఒకరికొకరు పూచీ మీద నడిచేది. ఒకామె తప్పినా అందరం మునుగుతాం, అందరం నోరు మూసుకున్నా అందరమే మునుగుతాం.

ఇంతవరకు విని, "ఇట్టాంటివి ఎక్కడైనా ఉంటాయిలే, లీడరు మంచిది కాదు" అని మీరు అనుకోవచ్చు. మేము చెప్పదలచింది లీడరు గురించి కాదు. ఏడో నెల సమావేశం గురించి.

ఆ ఏడో నెలలో ఒక సభ్యురాలు అడిగింది. ఆమె కూలికి వెళ్లే మనిషి. చదువు రాదు. వేలిముద్ర వేస్తుంది. చాప చివర, గుమ్మం పక్కన కూర్చుంటుంది. "అక్కా, బ్యాంకు పుస్తకం ఒకసారి తెచ్చి చూపిస్తావా" అని అడిగింది. అంతే. లీడరు ముఖం మాడ్చుకుంది. "ఏం, నా మీద నమ్మకం లేదా?" అంది. ఇంకొకామె, "మన కోసం సొంత చార్జీలు పెట్టుకుని తిరగతా ఉంటే ఇట్టా అడగొచ్చా" అంది. మూడో ఆమె, "చదవడం రాదు గానీ పుస్తకం కావాలంట" అని నవ్వింది. తక్కిన వాళ్లు కూడా నవ్వారు. అడిగిన మనిషి తల వంచుకుంది. మినిట్స్ పుస్తకం తన దగ్గరికి వచ్చినప్పుడు వేలిముద్ర వేసి వెళ్లిపోయింది. ఆ పుస్తకంలో ఆ నెల ఏం రాసుందో మేము తర్వాత చూశాం. "సమావేశం సక్రమంగా జరిగినది. అందరూ ఏకగ్రీవంగా ఆమోదించిరి." ఆమె అడిగిన ప్రశ్న అందులో ఎక్కడా లేదు.

ఆ రోజు పుస్తకం తెచ్చి చూపించి ఉంటే నష్టం 35,700 దగ్గర ఆగేది. ఆ తర్వాత పోయిన ఇంకో 35,700 ఉందే, అది ఆ రోజు ఆ నవ్వుకి మనం కట్టిన వెల. మౌనానికి ఖరీదు ఎంత అని ఎవరైనా అడిగితే, మన సమాఖ్యలో ఇప్పుడు రూపాయలతో సహా చెప్పగలం.

ఎవరికి వాళ్లు "నేనొక్కదాన్నే" అనుకున్నారు

నోటీసు వచ్చాక మేము ఆ సంఘంలో పది మంది ఇళ్లకీ విడివిడిగా వెళ్లాం. గుంపులో కాకుండా, ఒక్కొక్కరి దగ్గర కూర్చుని, టీ తాగి మాట్లాడాం. ఇంతకు ముందు అనుమానం రాలేదా అని అడిగాం. వాళ్లు చెప్పినవి వాళ్ల మాటల్లోనే చెబుతాం.

ఒకామె అంది: "వచ్చింది. రసీదు అడుగుదామనుకున్నా. కానీ వచ్చే నెల మా అమ్మాయి కాలేజీ ఫీజుకి సంఘం అప్పు కావాలి. లీడరుతో పెట్టుకుంటే నా పేరు రాస్తుందా?"

ఇంకొకామె: "ఆమె మాకు వదిన వరస. రేపు పెళ్లిళ్లలో, చావుల్లో ఎదురుపడాల్సిన వాళ్లం. డబ్బు పోతే సంపాదించుకోవచ్చు, చుట్టరికం చెడితే ఎట్టా?"

ఇంకొకామె: "ఇంట్లో చెప్పా. అందరికీ లేని నొప్పి నీకేంది, నోరు మూసుకుని కట్టు అన్నాడు మా ఆయన."

మరొకామె కొంచెం సేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అంది: "మా కాలనీ నుంచి ఆ సంఘంలో నేనొక్కదాన్నే ఉన్నా. వేరే వాళ్లు అడిగితే ఆ మనిషి అడిగినట్టు. నేను అడిగితే కాలనీ వాళ్లు అడిగారంటారు."

ఆ రోజు "చదవడం రాదు గానీ" అని నవ్వినామె దగ్గరికీ వెళ్లాం. ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. "నాకూ అనుమానంగానే ఉండింది మేడమ్. ఆమె అడిగేసరికి భయమేసింది. ఏదో ఒకటి అని ఆ మాట దాటించేశా" అంది.

పది మందిలో తొమ్మిది మందికి ఎప్పుడో ఒకప్పుడు అనుమానం వచ్చింది. తొమ్మిది మందీ ఒకటే మాట అన్నారు: "నేనొక్కదాన్నే అనుకుంటున్నానేమో అనిపించింది." చూడండి, అందరికీ తెలిసిన విషయం అందరి దగ్గరా రహస్యంగా ఉండిపోయింది. ఒకరి పక్కన ఒకరు మోకాళ్లు తగిలేలా కూర్చుని, ఒకే చాప మీద, ఒకే అనుమానంతో, 14 నెలలు.

లీడరు దగ్గరికి కూడా వెళ్లాం. ఆమె ఇంటాయన కిడ్నీ జబ్బుతో మంచాన పడ్డాడు. మొదటి నెల ముగ్గురి వాయిదా డబ్బు ఆస్పత్రిలో కట్టేసింది. వచ్చే నెల సర్దేద్దామనుకుంది. సర్దలేకపోయింది. సంఘంలో అడిగి ఉంటే అంతర్గత అప్పు ఇచ్చేవాళ్లు కదా అన్నాం. "ఇప్పటికే రెండు బాకీలున్నాయి. లీడరే చేయి చాపితే ఇంక విలువేముంటుంది? అడిగితే ఏమనుకుంటారోనని అడగలేదు" అంది.

ఆమె చేసింది తప్పే. దాన్ని మేము వెనకేసుకు రావడం లేదు. కానీ ఆలోచించండి. చాపకి ఈ చివర కూర్చున్నామె పుస్తకం అడగలేక నోరు మూసుకుంది. ఆ చివర కూర్చున్నామె కష్టం చెప్పుకోలేక నోరు మూసుకుంది. "అడగనిదే అమ్మయినా పెట్టదు" అంటాం. మన సంఘాలు పుట్టిందే అడగడం కోసం. అలాంటి చోట ఇద్దరూ అడగలేకపోయారు.

మా తప్పు

ఇప్పుడు మా సంగతి. తొమ్మిదో నెలలో బ్యాంకు ఇచ్చిన బకాయిల జాబితాలో ఈ సంఘం పేరు వచ్చింది. గ్రామ సంఘం యానిమేటర్ దాన్ని తెచ్చి మాకు చూపించింది. మేము నలుగురం ఆఫీసులో కూర్చున్నాం. నివేదిక అచ్చుకి వెళ్లే రోజులవి. గ్రేడింగ్ కూడా దగ్గరికి వచ్చింది. "ఇప్పుడు ఇది పైకి తెస్తే మండలానికి చెడ్డపేరు. అచ్చు పని అయిపోనీ, తర్వాత చూద్దాం" అన్నాం. ఎవరు ముందు అన్నారో ఇప్పుడు మాకే గుర్తు లేదు. ఎవరూ కాదనలేదు. నివేదికలో మాత్రం ఆ వాక్యం రాసేశాం.

మమ్మల్ని ఏ అధికారీ రాయొద్దనలేదు. ఏ నాయకుడూ బెదిరించలేదు. ఫోను కూడా రాలేదు. ఎవరూ నోరు మూసుకోమని చెప్పకముందే మేము మూసుకున్నాం. బయటివాళ్లు పెట్టిన అడ్డు కంటికి కనిపిస్తుంది, దాని మీద పోట్లాడొచ్చు. మన లోపలే కూర్చుని, మాట నాలుక మీదికి రాకముందే వద్దులే అనే భయం ఉందే, దాంతో పోట్లాడటం కష్టం. అది భయంలా కనిపించదు. మంచితనంలా, మర్యాదలా, సర్దుకుపోవడంలా కనిపిస్తుంది. మేము ఆ రోజు భయపడ్డామని ఒప్పుకోలేదు. "సంస్థ మంచి కోసం" అనుకున్నాం.

తొమ్మిదో నెల నుంచి 14వ నెల వరకు ఐదు నెలలు. ఐదు నెలలకి 25,500. అందులో మా మౌనం వాటా అది.

ఏడో నెలలో అడిగిన ఆమె దగ్గరికి వెళ్లి క్షమించమని అడిగాం. ఆమె వాకిట్లో చింతపండు గింజ తీస్తా ఉంది. లేచి చాప వేసింది. "ఆ రోజు మేము అక్కడ లేకపోతిమి" అని ఒకామె మాలో నసిగింది. దానికి ఆమె, "లేరు సరే. తెలిసినాక కూడా మీరు రాలేదు గదమ్మా" అంది. కోపంగా అనలేదు. గింజలు తీస్తానే అంది. మా దగ్గర జవాబు లేదు.

మన నోళ్లు ఎప్పుడు తెరుచుకున్నాయి

ఈ సందర్భంలో కొత్తగా చేరిన చెల్లెళ్ల కోసం పాత సంగతి ఒకటి చెప్పాలి. మన పొదుపు సంఘాలు ఎక్కడి నుంచి వచ్చాయో చాలామందికి తెలియదు. పథకంగా పైనుంచి ఊడిపడ్డాయనుకుంటారు.

1990 తర్వాత నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. పగలంతా కూలి చేసి వచ్చిన ఆడవాళ్లు రాత్రిపూట దీపాల దగ్గర కూర్చుని అక్షరాలు దిద్దారు. ఆ పాఠాల్లో సారా వల్ల చితికిపోయిన కుటుంబం కథ ఉంది. పాఠం చదివి అక్షరాలతో ఆగలేదు, మాట్లాడుకున్నారు. నా ఇంట్లోనూ ఇంతే అని ఒకామె, మా ఇంట్లోనూ ఇంతే అని ఇంకొకామె. అప్పటిదాకా మొగుడు తాగొచ్చి కొట్టడం ఎవరింటి గుట్టు వాళ్లది. "ఇంటి గుట్టు లంకకు చేటు" అని మనకి చిన్నప్పటి నుంచీ నూరిపోశారు కదా. ఆ రాత్రి బళ్లలో తేలిందేమంటే, అది ఒక ఇంటి గుట్టు కాదు, ఊరంతటి గుట్టు.

1992లో కలిగిరి మండలం దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణానికి అడ్డం తిరిగారు. దూబగుంట రోశమ్మ పేరు మీరందరూ వినే ఉంటారు. అక్కడి నుంచి ఊరూరికీ పాకింది. సారా వేలం పాటలు జరక్కుండా ఆడవాళ్లు అడ్డుపడ్డారు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు. ఆ ఉద్యమం వెనకే నెల్లూరు జిల్లాలో పొదుపు లక్ష్మి సంఘాలు వచ్చాయి. రోజుకి ఒక్క రూపాయి పొదుపు. సారాకి పోయే డబ్బు మిగిలితే దాచుకుందామని.

ఈ కథ చెప్పి అందరూ ధైర్యం గురించి మాట్లాడతారు. ధైర్యం ఉంది, కాదనం. కానీ మాకు ఇంకొకటి కనిపిస్తుంది. ఆ ఆడవాళ్లకి ముందు ధైర్యం వచ్చి తర్వాత మాట్లాడలేదు. రోజూ ఒక చోట కూర్చున్నారు, ఒకరు చెబితే ఇంకొకరు నవ్వకుండా విన్నారు, "నేనొక్కదాన్నే కాదు" అని తెలిసింది, అప్పుడు ధైర్యం వచ్చింది. అలాంటి మాటల్లోంచి పుట్టిన సంఘాల్లో ఇప్పుడు మనం సంతకం కోసం కూర్చుంటున్నాం. పుస్తకం వస్తుంది, సంతకం పెడతాం, పక్కామెకి ఇస్తాం. అరగంటలో సమావేశం ఐపోతుంది. మౌనం అర్ధాంగీకారం అంటారు. సంతకం పెట్టాక అది సగం కాదు, పూర్తి అంగీకారం.

పుస్తకం అడగడం అవమానం కాదు

"నమ్మకం లేదా?" అనే మాట గురించి కొంచెం చెప్పాలి. మన సంఘాల్లో నోళ్లు మూయించే మాట ఇదే. దీనికి జవాబు చెప్పలేక ఎంతోమంది వెనక్కి తగ్గారు.

1923లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగాయి. అక్కడ ఖద్దరు ప్రదర్శన పెట్టారు. గుమ్మం దగ్గర వాలంటీరుగా ఒక పద్నాలుగేళ్ల అమ్మాయి నిలబడింది. టికెట్ లేనిదే ఎవరినీ పంపొద్దని ఆమెకి చెప్పారు. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు. టికెట్ లేదు. ఆ అమ్మాయి పంపలేదు. నిర్వాహకులు పరుగెత్తుకొచ్చి టికెట్ కొనిచ్చాకే లోపలికి వదిలింది. నెహ్రూకి కోపం రాలేదు, మెచ్చుకున్నారు. ఆ అమ్మాయే దుర్గాబాయి. పెద్దయ్యాక రాజ్యాంగ సభలో కూర్చుంది. మనకి మాట్లాడే స్వేచ్ఛ ఉందని 19వ అధికరణంలో రాసిన రాజ్యాంగం అక్కడే తయారైంది.

టికెట్ అడిగితే నెహ్రూ మీద నమ్మకం లేదని కాదు. నియమం అందరికీ ఒకటే అని. పాస్‌బుక్ అడిగితే లీడరు మీద నమ్మకం లేదని కాదు. నిజానికి రోజూ పుస్తకం చూపించే లీడరుకే రక్షణ. రేపు ఎవరైనా నింద వేసినా, పది మంది చూసిన లెక్క అని చెప్పుకోవచ్చు. ఆ లీడరు కూడా మొదటి నెలే పుస్తకం చాప మీద పెట్టాల్సి వచ్చి ఉంటే, ఆ రోజే తన కష్టం చెప్పుకునేదేమో. ఇంత దూరం వచ్చేది కాదేమో.

ఉపాధి హామీ పనుల్లో సామాజిక తనిఖీ మీకు తెలుసు. మస్టర్లో పేర్లు, పని రోజులు, కూలి డబ్బు అందరి ముందు గట్టిగా చదువుతారు. చదవడం రాని కూలీ కూడా "ఆ వారం నేను పనికే రాలేదు, నా పేరెట్లా ఉంది?" అని లేచి అడుగుతుంది. చదువు వచ్చి కాదు. చదివి వినిపించారు కాబట్టి. అక్కడ పని చేసిన పద్ధతి మన చాప మీద ఎందుకు పనికిరాదు?

గింజల కుండ

ఈ ఏడు మేము ఒక చిన్న పని మొదలుపెట్టాం. సమావేశం మధ్యలో గుడ్డ కప్పిన కుండ పెడతాం. అందరి చేతికీ ఒక చింతగింజ, ఒక కందిగింజ ఇస్తాం. గత మూడు సమావేశాల్లో ఏదైనా అడగాలనుకుని అడక్కుండా వెళ్లిపోయి ఉంటే చింతగింజ వెయ్యి. అలాంటిది లేకపోతే కందిగింజ వెయ్యి. పేరు లేదు, రాయక్కర్లేదు. చెయ్యి గుడ్డ కింద ఉంటుంది కాబట్టి ఎవరేం వేశారో పక్కామెకి కూడా తెలియదు.

ఆ సంఘంలో మొదటిసారి వేస్తే 11 గింజల్లో 9 చింతగింజలు. కుండ బోర్లించగానే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకామె పకపకా నవ్వింది. ఈ నవ్వు ఏడో నెల నవ్వు లాంటిది కాదు. ఆ రోజు సమావేశం మూడు గంటలు సాగింది.

మా కార్యవర్గంలో కూడా వేశాం. ఒక్క కందిగింజ లేదు. అన్నీ చింతగింజలే. మిమ్మల్ని మాట్లాడమని చెప్పే మా పరిస్థితి అది. అందుకే ఈ ప్రసంగం రాసుకున్నాం.

కుండ వల్ల కష్టాలన్నీ తీరిపోవు. గింజ వేసినామె లేచి మాట్లాడాలని కూడా లేదు. కానీ "నేనొక్కదాన్నే" అనే మాట మాత్రం ఆ కుండతో పోతుంది.

ఇక మీదట పాటించేవి

కార్యవర్గంలో, గ్రామ సంఘాల్లో చర్చించి, ఇవి తీర్మానం చేసుకున్నాం. పంచసూత్రాలకి పక్కన ఇవి కూడా గోడ మీద రాసుకోండి.

ఒకటి. మినిట్స్ పుస్తకం సంతకాలకి తిప్పేముందు గట్టిగా చదవాలి. రాసింది వినకుండా ఎవరూ సంతకం గానీ వేలిముద్ర గానీ పెట్టొద్దు. "తొందరగా కానియ్, బస్సు పోతుంది" అన్నా సరే.

రెండు. బ్యాంకు పాస్‌బుక్ ఎంట్రీ వేయించి ప్రతి సమావేశంలో చాప మధ్యలో పెట్టాలి. లీడరుతో పాటు ప్రతి నెలా ఒక మామూలు సభ్యురాలు వంతుల వారీగా బ్యాంకుకి వెళ్లాలి. ఆమె చార్జీ సంఘం ఇవ్వాలి.

మూడు. మాట్లాడటం చాప చివర కూర్చున్నామెతో మొదలవ్వాలి. లీడర్లు ఆఖర్న మాట్లాడాలి. పెద్దవాళ్లు ముందు చెప్పేస్తే చిన్నవాళ్లకి తల ఊపడం తప్ప పని మిగలదు.

నాలుగు. అడిగిన ప్రశ్న రాయాలి. ఒప్పుకోని వాళ్ల మాట కూడా రాయాలి. ఒకామె కాదన్నాక "ఏకగ్రీవం" అని రాస్తే అది తప్పుడు లెక్కతో సమానం.

ఐదు. "నమ్మకం లేదా?" అనే మాట మన సమావేశాల్లో ఇక వాడొద్దు. దాని బదులు "ఇదిగో చూడు" అందాం.

ఆరు. ఎవరైనా గట్టి ప్రశ్న అడిగితే వారం లోపల ఇద్దరు గ్రామ సంఘం సభ్యులు ఆమె ఇంటికి వెళ్లి పలకరించి రావాలి. అడిగినందుకు అప్పు ఆపారా, ఇంట్లో తిట్టారా, వాట్సాప్ గ్రూపులో ఎవరైనా ఎగతాళి చేశారా కనుక్కోవాలి. మాట్లాడమని చెప్పి, మాట్లాడాక ఒంటరిగా వదిలేస్తే అది మోసం. మేము అలా చేశాం కాబట్టి చెబుతున్నాం.

ఏడు. మూడు నెలలకి ఒకసారి గింజల కుండ.

ఇక్కడ ఒక్క జాగ్రత్త. స్వేచ్ఛగా మాట్లాడటం అంటే ఒకరింటి సంగతి ఇంకొకరి ముందు బయటపెట్టడం కాదు. సంఘం డబ్బు, సంఘం నిర్ణయం అందరివి. వాటి గురించి అడిగే హక్కు అందరికీ ఉంది. కానీ ఒకామె ఇంట్లో దెబ్బలు తింటుంటే, అది ఎప్పుడు చెప్పాలో, ఎవరికి చెప్పాలో ఆమె ఇష్టం. బలవంతంగా నోరు తెరిపించొద్దు. 2005 గృహహింస చట్టం ఉందని, 181కి ఫోన్ చేయొచ్చని, ఏ అర్ధరాత్రి వచ్చినా తలుపు తీసే ఇల్లు ఒకటి ఉందని ఆమెకి తెలిసేలా చేద్దాం. ఆమె చెప్పుకున్న రోజు విందాం. విన్నది చాప దాటనీయకుండా చూద్దాం. నోరు తెరవడానికి భయపడే వాళ్లలో సగం మంది పక్కామె నోటికి భయపడుతున్నారు. అది కూడా మర్చిపోవద్దు.

ఈ ఏటి నివేదికలో వాక్యం

ఆ సంఘం ఇప్పుడెలా ఉందని మీకు ఉంటుంది. విడిపోలేదు. పన్నెండేళ్ల పొదుపులోంచి తీసి బ్యాంకు బకాయి కట్టేశారు. లీడరుని తప్పించారు కానీ సంఘంలోంచి పంపలేదు. ఆమె నెలకి 3,000 చొప్పున సంఘానికి కట్టాలని నిర్ణయించారు. ఆరు నెలలుగా కడుతోంది. 18,000 వచ్చింది. 53,400 ఇంకా రావాలి. ఆమె సమావేశానికి వస్తుంది, తల దించుకుని కూర్చుంటుంది. మొన్న సమావేశంలో వాళ్లాయన మందుల సంగతి ఎవరో అడిగితే మొదటిసారి నాలుగు మాటలు మాట్లాడింది.

ఏడో నెలలో పుస్తకం అడిగినామెని లీడరుగా ఉండమన్నారు. వద్దంది. "నాకు పదవెందుకు? పుస్తకం మాత్రం నా కాడికి వచ్చినప్పుడు చదివి చెప్పండి, చాలు" అంది. ఇప్పుడు ఆ సంఘంలో అందరి కంటే ముందు ఆమె దగ్గర చదువుతారు. ఆమె ఇంకా గుమ్మం పక్కనే కూర్చుంటుంది. అది ఆమె ఇష్టం. గాలి వస్తుందంట.

పోయినేటి వాక్యం ఈ ఏటి పుస్తకంలో లేదు. దాని చోట ఇలా రాశాం: "ఒక సంఘంలో 71,400 రూపాయల తేడా వచ్చింది. 53,400 ఇంకా వసూలు కావాలి. ఈ సంగతి తెలిసి కూడా ఐదు నెలలు సభ్యులకు చెప్పకపోవడం కార్యవర్గం తప్పు." దీనివల్ల గ్రేడు తగ్గితే తగ్గనీయండి. అబద్ధపు గ్రేడుతో వచ్చే చప్పట్లు మాకొద్దు. ఈ మాటలు రాసేటప్పుడు మా చేతులు వణికాయి, ఆ సంగతి కూడా దాచుకోం.

మీరు ఇవ్వాళ ఇంటికెళ్లాక ఒక్క పని చేయండి. వచ్చే సమావేశంలో పుస్తకం మీ చేతికి వచ్చినప్పుడు సంతకం పెట్టే ముందు ఒక్క మాట అడగండి. "ఇందులో ఏం రాశారు?" అని. పెద్ద ప్రశ్న అక్కర్లేదు. ఎవరైనా నవ్వితే నవ్వనీయండి. పక్కన కూర్చున్నామె అడిగితే మాత్రం మీరు నవ్వకండి. "అవును, నాకూ చెప్పండి" అనండి.

ఈ ప్రసంగం మీద కూడా మీకు అడగాల్సింది ఉంటే భోజనాలకి ముందే అడగండి. మైకు చివరి వరస నుంచి మొదలవుతుంది. మేము ఆఖర్న మాట్లాడతాం.